ఆపిన మాత్ర

మా ఇంట్లో వీడియోకి సరిపడా సిగ్నల్ మేడ మీదే వస్తుంది. అందుకని ఆ మిరప కాలమంతా బావ మాత్ర వేసుకోవడం మేడ మీదే జరిగింది.

పొద్దున గేదె పాలు తీశాక పైకి వెళ్లేవాళ్లం. నేను ఫోను పట్టుకునేదాన్ని. బావ మాత్రని అరచేతిలో పెట్టి కెమెరాకి చూపించేవాడు. నోట్లో వేసుకుని నీళ్లు తాగేవాడు. నోరు తెరిచేవాడు. నాలుక పైకెత్తేవాడు. ఆ వీడియోని నేను నిరోషకి పంపేదాన్ని. నిరోష మా ఊరి విలేజ్ క్లినిక్‌లో నర్సు. చూసి బొటనవేలి బొమ్మ పెట్టేది. వారానికొకసారి గుంటూరు నుంచి డాక్టర్ తన్వీర్ గారు వీడియో కాల్‌లో మాట్లాడేవారు.

బావ అంటే నా మొగుడు భానుప్రకాష్. మా అమ్మ తమ్ముడి కొడుకు. అతని తాగుడు గురించి ఎక్కువ చెప్పను. కార్తీకంలో బండి మీద వస్తూ కాలవలో పడ్డాడు. వెనక వస్తున్న చినమామయ్య బ్రహ్మయ్య దూకి జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. గుంటూరులో వార్డులో ఉంచి, వణుకు తగ్గాక పంపించారు. మిగతా వైద్యం ఫోనులో జరుగుతుందని చెప్పారు.

మొదటి కాల్‌కి అందరం మేడెక్కాం. మామయ్య నాగభూషణరావు కుర్చీలో కూర్చున్నాడు. అత్తయ్య వీరరాఘవమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మెట్ల దగ్గర నిలబడింది.

"ఈ మాత్ర తాగుడు మాన్పించదు" అన్నారు డాక్టరు. "మానేది మీరే. ఇది కాపలా మాత్రమే. లోపల ఇది ఉన్నప్పుడు తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అది తెలిసి, ఇష్టపడి వేసుకోవాలి. ఇష్టమేనా భాను గారూ?"

"ఇష్టమేనండి."

"మాత్ర మానేసినా రెండు వారాల దాకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. ఇవాళ మానేసి రేపు తాగుదామనుకోవద్దు. ఇంకో మాట ఇంట్లోవాళ్లకి. ఆయనకి తెలీకుండా పప్పులోనో పులుసులోనో కలిపి పెట్టొద్దు. చాలా ఇళ్లలో ఆ పని చేస్తారు. చేసి ఏడుస్తారు."

"ఎన్నాళ్లు వెయ్యాల బాబూ?" అని అడిగింది అత్తయ్య.

"నెలలు పట్టొచ్చమ్మా. చూద్దాం."

"జన్మంతా ఏసినా నాకేం ఇబ్బంది లేదు."

మామయ్య నవ్వాడు. "నువ్వు పోయినాక ఎవురేస్తారే?"

అత్తయ్య నవ్వలేదు.

*

ఆ ఏడు మా ఊళ్లో కాపు బాగా వచ్చింది. వెల్దుర్తి వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. కోసిన కాయ కల్లంలో పట్టాల మీద ఆరబోశాం. ఆ నెల రోజులూ కల్లం దగ్గర మనిషి ఉండాలి. అంతకు ముందు ఏడు మామయ్య బావని కల్లం దగ్గరకి రానివ్వలేదు. ఈసారి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని కాయ తిరగేసే కూలీలని చూస్తూ కాలం గడిపారు. కాయ అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని వాదించుకున్నారు. మామయ్య బావతో వాదించడం చూసి నాలుగేళ్లయింది.

చినమామయ్య సాయంత్రాలు వచ్చేవాడు. ఆయన చేను పక్కనే. వచ్చేసరికే కొంచెం పుచ్చుకుని ఉండేవాడు.

"ఏరా భానూ, ఇయ్యాల నాలిక చూపిచ్చావా? డాక్టరుకి చూపిస్తావు, పెళ్లానికి చూపిస్తావు. మాకెప్పుడు చూపిస్తావురా?"

"నువ్వు కూడా ఒక మాత్ర ఇయ్యి బాబాయ్. నీకూ చూపిస్తా."

మామయ్య చుట్ట తీసి మరీ నవ్వాడు. చినమామయ్య కూడా నవ్వి మంచం చివర కూర్చున్నాడు. "నవ్వండి, నవ్వండి. తిరునాళ్లకి ప్రభ కట్టేటప్పుడు తెలుస్తది. తాడు పట్టుకునేవాడికి ఒక గుక్కన్నా పడకపోతే చెయ్యి నిలవదు."

బావ ఆ ఏడు కోటప్పకొండకి వెళ్లే మా ఊరి ప్రభ బండి వెంట పోలేదు. మైకు మోత మా ఇంటి ముందు నుంచి సాగిపోతుంటే మేడ మీద నిలబడి చూశాడు. కనుమరుగయ్యాక కిందికి దిగి గేదెకి మేత వేశాడు.

*

తిరునాళ్ల అయిన వారానికి నిరోష రక్తం తీసింది. మాత్ర వేసుకునేవాళ్లకి అది మామూలు పరీక్షేనని చెప్పింది. రిపోర్టు చూసిన రోజే డాక్టరు గారు కాల్ చేశారు. అది ఆయన మాట్లాడే రోజు కాదు.

"లివర్ మీద ఒత్తిడి పడుతోంది భాను గారూ. కొందరికి ఈ మాత్ర పడదు. ఇవాళ్టి నుంచి ఆపేద్దాం. వేరే మందు రాస్తాను, మూడు పూటలా వేసుకోవాలి. అది కోరికని తగ్గిస్తుంది. దాని మీద తాగితే ఏమీ కాదు. అంటే ఇక కాపలా లేదు. మీరే కాపలా."

"అట్టాగేనండి."

"పాతవి మిగిలినవన్నీ నిరోషకి ఇచ్చెయ్యండి. ఇంట్లో ఉంచొద్దు."

అత్తయ్య ముందుకొచ్చి నా చేతిలో ఫోను వైపు వంగింది. "మీరు మాత్ర ఆపారు. వాడాగుతాడా బాబూ?"

"ఆగాడమ్మా ఇన్నాళ్లూ. నమ్మండి."

"ఆగింది వాడు గాదు. ఆ బిళ్ల."

బావ పక్కనే ఉన్నాడు. కిందికి దిగి చెప్పులేసుకుని కల్లానికి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మాత్రల డబ్బా నిరోషకి ఇచ్చాను. ఆమె మూత తీసి చూసింది.

"ఇంకో షీటు ఉండాల్సినట్టుంది వదినా."

ఇంటికొచ్చి బావ చొక్కా జేబులు వెతికాను. కల్లం దగ్గర మంచం కింద చూశాను. కనపడలేదు. ఎక్కడో పడిపోయి ఉంటుందని నిరోషకి చెప్పాను.

*

మాత్ర ఆపితే కాలేయం కుదుటపడాలి. రెండోసారి తీసిన రక్తంలో ఆ ఒత్తిడి అంకె ఇంకా పెరిగింది. బావ కళ్లలో పసుపు నాకు తెలిసేముందే కూలీలకి తెలిసింది. వెల్దుర్తి ఆడమనిషి ఒకామె కాయ తిరగేస్తూ, "మీ ఆయనకి పసరు పోయించమ్మా, కళ్లు చూశావా?" అంది.

డాక్టరు గారు ఈసారి నన్ను ఫోను బావ ముఖానికి దగ్గరగా పెట్టమన్నారు. కింది రెప్ప లాగి చూపించమన్నారు. 

"పసరు గానీ నాటుమందు గానీ తాగారా?"

"లేదండి."

"నొప్పుల మాత్రలు?"

"లేదండి."

"నేను కోప్పడను. తిడితే జబ్బు తగ్గదు. తాగుడు మళ్లీ మొదలుపెట్టారా?"

బావ నా వైపు చూశాడు. నేను ఫోను వైపు చూశాను.

"లేదండి."

"ఏదో ఒకటి లోపలికి పోతోంది భాను గారూ. పోకపోతే ఈ అంకె పెరగదు. వచ్చే వారం గుంటూరు రండి. స్కాన్ తీద్దాం. వాంతులైతే వారం దాకా ఆగొద్దు."

కాల్ అయిపోయింది. బావ నన్ను అడిగాడు.

"నువ్వు కూడా అట్టాగే అనుకుంటున్నావా?"

"నేనేం అన్లేదుగా."

"అన్లేదు."

ఆ రోజు నుంచి నేను బావ తువ్వాలు ఉతికే ముందు వాసన చూశాను. మిరప ఘాటు తప్ప ఏమీ లేదు. చినమామయ్యని అడిగితే ఒట్టేశాడు. "నా కాడ తాగితే నేనే చెప్పేవాణ్ని గదే. వాడు నా ముఖం కూడా చూట్టం లేదు." ఊళ్లో మాత్రం ఒక్క మాటే నడిచింది. భాను మళ్లీ మొదలెట్టాడు, దొంగచాటుగా తాగుతున్నాడు అని. మామయ్య వాదించడం మానేశాడు. కల్లంలో మంచం మీద ఒక చివర ఆయన, ఇంకో చివర బావ.

అత్తయ్య అందరికంటే తక్కువ మాట్లాడింది. పొద్దునే చెంబులో మజ్జిగ చిలికి, పెద్ద గ్లాసులో పోసి, మెట్ల కింద నిలబడేది.

"ఎండన పోతున్నాడు. తాగి పొమ్మను."

బావ దిగుతూ అందుకుని ఒక్క దమ్మున తాగేసి గ్లాసు చేతికిచ్చి వెళ్లేవాడు. అతను పెరట్లోంచి బయటపడేదాకా అత్తయ్య చూసేది. గ్లాసు కడిగే పని ఆమే చేసేది. కొడుకు మళ్లీ తాగుతున్నాడన్న దిగులుతో అంత శ్రద్ధ పెడుతోందనుకున్నాను. శ్రద్ధ మాటా దిగులు మాటా నిజమే.

*

గుంటూరు వెళ్లాల్సిన ముందు రోజు మధ్యాహ్నం కొండ వైపు నుంచి మబ్బు వచ్చింది. మా వైపు కల్లంలో కాయ ఉన్నప్పుడు మబ్బు పడితే ఎవరూ ఎవర్నీ పిలవరు. ఎక్కడివాళ్లక్కడ లేచి పరిగెత్తుతారు. నేనూ అత్తయ్యా చేరేసరికి కూలీలు కాయని కుప్పలకి లాగుతున్నారు. గాలికి పట్టాలు లేస్తున్నాయి. రాళ్లు చాలలేదు. మామయ్య పట్టా అంచు మీద కూర్చున్నాడు. "నేనే రాయి. మీరు అటు చూసుకోండి" అన్నాడు.

వాన ఎంతోసేపు పడలేదు. ఆగాక బావా చినమామయ్యా పట్టా మీద నిలిచిన నీళ్లు తోశారు. మామయ్య తల వంచుకుని కూర్చునే ఉన్నాడు.

"లెగు అన్నాయ్, పోయింది వాన" అన్నాడు చినమామయ్య.

బావ వెళ్లి భుజం మీద చెయ్యేశాడు. తర్వాత ఆ భుజం కింద చెయ్యేసి ఎత్తుకున్నాడు. నరసరావుపేట ఆసుపత్రిలో, దారిలోనే పోయాడని చెప్పారు. గుండె అన్నారు.

కాయ తడవలేదు.

*

స్కాన్ ఆగిపోయింది. కొడుకు పెద్దకర్మ దాకా ఊరు దాటకూడదన్నారు పెద్దలు. డాక్టరు గారు ఆ మధ్యలోనే కాల్ చేశారు. బావ గుండు చేయించుకున్నాడు. తెల్లపంచె కట్టుకున్నాడు. గుండు కింద కళ్లలో పసుపు ఇంకా తెలిసింది.

"మీవాళ్లలో పెద్దకర్మకి మందు పెట్టే అలవాటుందా?" అన్నారు డాక్టరు.

ఆయనకి తెలుసని మేం అనుకోలేదు.

"ఉందండి" అన్నాడు బావ. "పోయినాయనకి ఆకేసి, తినేవన్నీ పెట్టి, సీసా పెడతారు. గ్లాసులో పోసి ఆకుకి చూపించి, కొడుకు ముందు ఒక గుక్క ముట్టాల. తర్వాత తమ్ముళ్లు, బంధువులు. కొడుకు ముట్టకపోతే ఎవురూ అన్నానికి కూర్చోరు."

"ముట్టొద్దు. పాత మాత్ర ఆపి నెల కావస్తోంది. ఆ భయం లేదు. కానీ ఉన్న లివర్‌కి ఒక గుక్క కూడా ఎక్కువే. దానికన్నా, ఒక గుక్కతో మీరు ఆగలేరని నా భయం."

"నేల మీద పోస్తానండి. బాబాయికి చెప్పా."

"ఒప్పుకున్నారా?"

"చూద్దామండి."

చినమామయ్య ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. "పారబోస్తావా? మీ నాయన వాటా మట్టిలో పారబోస్తావా? ఆ చెయ్యెట్టా వస్తదిరా నీకు?"

ఆ రోజులన్నీ బావ ఒంటిపూట తిన్నాడు. అత్తయ్య తనే వండింది. తనే వడ్డించింది. నన్ను ముట్టనివ్వలేదు. మజ్జిగ మాత్రం పొద్దునే, ఎప్పటిలాగే.

*

పెద్దకర్మ నాడు తెల్లారక ముందే కాలవ దగ్గర పిండాలు పెట్టించి బ్రాహ్మడు వెళ్లిపోయాడు. ఆకు కల్లం దగ్గర వెయ్యాలని నిర్ణయించారు, ఆయన చివరిగా కూర్చుంది అక్కడే కాబట్టి. అన్నం గంపలు ట్రాక్టరు మీద పంపించాం. అత్తయ్యని బంధువులు లోపల కూర్చోబెట్టారు. పెరట్లో గిన్నెలు నేను కడిగాను. వాటిలో బావ మజ్జిగ గ్లాసు ఉంది.

అడుగున తెల్లగా పేరుకుని ఉంది. ఉప్పనుకుని నీళ్లు పోశాను. కరగలేదు. వేలితో తీసి రుద్దాను. పిండిలా ఉంది. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు కాదు.

వంటింట్లో ఉప్పు జాడీ వెనక చూశాను. చింతపండు కుండలో చూశాను. దాని కింద షీట్లు దొరికాయి. ఒకటి కాదు. నెలల తరబడి రోజూ కెమెరాలో చూసిన పేరే వాటి మీద ఉంది.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"కనపడ్డాయా?" అంది.

"ఇవెక్కడియ్యి?"

"ఒకటి డబ్బాలోంచి తీశా. అయ్యి అయిపోయినాక ఖాళీ షీటు చూపిస్తే పేటలో మందుల షాపు కుర్రాడు ఇచ్చాడు. ఒక్క మాట అడగలా."

"డాక్టరు గారు ఆపమన్నది ఆయన కాలేయం పోతందని అత్తయ్యా."

"తాగితే పోదా? కళ్లు పచ్చబడ్డయ్యంటే వాడు దొంగతనంగా తాగినట్టే గదా. అందుకే ఇంకో అర చిదిపి ఏశా."

"తాగలేదు. కళ్లు పచ్చబడింది దీనికే."

ఆమె గోడ పట్టుకుంది.

"ఇయ్యాల పొద్దున కూడా ఏశావా?"

తలూపింది.

"ఇప్పుడక్కడ గ్లాసు చేతికిస్తారు."

"వాడు ముట్టనన్నాడుగా. నేల మీద పోస్తానన్నాడుగా."

"ఆ మాట నమ్మితే ఇది ఎందుకేశావు?"

ఆమె చెప్పులు వేసుకోలేదు. కొంగు నెత్తిన వేసుకుని నాకంటే ముందు నడిచింది. ఆ రోజు ఆమె గడప దాటకూడదు. వెనకనుంచి బంధువులు పిలుస్తూనే ఉన్నారు. బావకి ఫోన్ చేశాను. మా గదిలోనే మోగింది. పంచెకి జేబు లేదు.

*

మేం వెళ్లేసరికి మగవాళ్లు గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో పట్టా మీద అరిటాకు. గారెలు, నాటుకోడి పులుసు, గోంగూర, రెండు చుట్టలు, సీసా. చుట్టూ గోతం టిక్కీల్లో తొక్కిన కాయ. గ్లాసు అప్పటికే బావ చేతిలో ఉంది.

"బాబాయ్, నేల మీద పోస్తానన్నాగా" అంటున్నాడు.

చినమామయ్య కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ను కాలవలోంచి తీసినప్పుడు నేను నీకేమన్నా షరతు పెట్టానారా? ఒక్క గుక్క. ఆ బిళ్ల కూడా ఆపేశారంటగా. ఏం గాదు. అందరూ ఆకలితో ఉన్నారు. మీ నాయన ఎదురుచూస్తన్నాడు."

బావ ఆకు వైపు చూశాడు. గ్లాసు ఆకు మీద తిప్పి చూపించాడు. అక్కణ్నుంచి అతని చెయ్యి కిందికి పోలేదు. పైకి లేచింది.

అత్తయ్య మగవాళ్ల మధ్యలోంచి దూరి వెళ్లి గ్లాసు లాక్కుంది.

"నాకంటే ముందెవుడికి హక్కు?" అని తాగేసింది.

జన్మలో ఆమె అది ముట్టి ఎరగదు. దగ్గు వచ్చింది. వంగింది. ఎవరో "పిచ్చెక్కింది పాపం" అన్నారు. ఇంకెవరో "ఆడదాన్ని పట్టుకోండ్రా" అన్నారు. ఎవరూ పట్టుకోలేదు.

చినమామయ్య ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. కండువాతో తుడిచాడు. సీసా వంచి మళ్లీ పోశాడు. బావకిచ్చాడు.

"మీయమ్మ ముట్టింది. మంచిదే. ఇప్పుడు నువ్వు."

సీసాలో ఇంకా చాలా ఉంది. అత్తయ్య అది చూసింది. తర్వాత నన్ను చూసింది.

నేను గట్టిగా అనలేదు. "బావా, పొద్దున నువ్వు తాగిన మజ్జిగలో మాత్ర ఉంది" అన్నాను.

"ఏ మాత్ర?"

"ఆపింది."

అతను నన్ను మళ్లీ అడగలేదు. వాళ్లమ్మ వైపు తిరిగాడు. ఆమె కూర్చుని ఆకు మీద పడిన దుమ్ము కొంగుతో దులుపుతోంది. గారె ఒకటి పక్కకి జరిగితే సరిచేసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

ఆమె చుట్టలు రెండూ దగ్గరికి జరిపింది.

బావ గ్లాసు ఆకు పక్కన పెట్టాడు. చినమామయ్య దాన్ని చూశాడు, బావ కళ్లు చూశాడు. వంగి గ్లాసు తీసుకుని తనే నేల మీద పోశాడు. సీసాలో మిగిలింది కూడా పోశాడు. అప్పుడు అందరూ అన్నానికి కూర్చున్నారు. బావ కూర్చోలేదు.

*

ఆ తర్వాత బావ మా ఇంట్లో తినలేదు.

పొద్దున సెంటర్లో హోటల్లో ఇడ్లీ తినేవాడు. మధ్యాహ్నం కూలీల గుడిసె దగ్గర వాళ్ల అన్నం తినేవాడు. నీళ్ల క్యాను ప్లాంటు నుంచి తనే తెచ్చుకునేవాడు. మూత మీద ప్లాస్టిక్ చించేది తనే. రాత్రి పడుకునేది కల్లంలో. అత్తయ్య క్యారేజీ పట్టుకుని వెళ్లి, మూత తీసి, అతని ఎదురుగా ముందు తను ఒక ముద్ద తినేది. అతను చూసేవాడు కాదు. క్యారేజీ అట్లాగే తిరిగొచ్చేది. నేను చేసింది కూడా తినలేదు.

"నేనేం చేశాను బావా?" అని అడిగాను.

"నువ్వేం చెయ్యలే. రెండూ ఒకే వంటింట్లోంచే గదా వచ్చేది."

కొత్త మాత్రలు మాత్రం వేసుకున్నాడు. మూడు పూటలా మేడెక్కాడు. నేను ఫోను పట్టుకున్నాను. నోరు తెరిచాడు, నాలుక ఎత్తాడు.

డాక్టరు గారికి జరిగింది చెప్పింది నేనే. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఎవరు కలిపారు?" అని బావని అడిగారు.

"ఎవురో కలిపార్లెండి. ఇంక కలపరు."

"ఇది చిన్న విషయం కాదు."

"ఎన్నాళ్లకి పోద్ది డాక్టరు గారూ, ఒంట్లోంచి?"

"రెండు వారాలు. నేను మొదట్లోనే చెప్పాను. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికేనండి."

నేను ఫోను పట్టుకుని ఉన్నాను. డాక్టరు గారి కళ్లు బావ మీదనుంచి కదల్లేదు. "ఆ రెండు వారాలు అయిన రోజు నాకు ఫోన్ చెయ్యండి. పొద్దునే చెయ్యండి" అన్నారు.

అత్తయ్య మెట్ల కిందే ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరం, మాత్ర అతని ఒంట్లోంచి పోయే రోజు కోసం భయంతో చూశాం. ఆ మాట ఒకరితో ఒకరం అనుకోలేదు. బావ గుంటూరు వెళ్లి, ఆగిన స్కాన్ తీయించుకుని వచ్చాడు. కళ్లలో పసుపు తగ్గుతూ వచ్చింది. అది తగ్గేకొద్దీ అత్తయ్య నిద్ర తగ్గింది.

*

చివరి కోత టిక్కీలు లారీకెక్కించిన నాటికి ఆ గడువు అయిపోయింది. ఆ పొద్దున బావ డాక్టరు గారికి ఫోన్ చేయలేదు. నేను గుర్తు చేస్తే, "మిర్చి యార్డుకి పోయినాక చేస్తాలే" అన్నాడు. కాయతో పాటు గుంటూరు వెళ్తున్నాడు. చినమామయ్య కూడా లారీ ఎక్కాడు. బావ చేతిలో సంచి ఉంది. అందులో బట్టలు, మాత్రల డబ్బా.

"రేపు వస్తావా?" అన్నాను.

"కోల్డ్ స్టోరేజీలో హమాలీ లెక్క చూసే పనుందంట. రెండు నెలలు ఆణ్నే ఉంటా."

అత్తయ్య మజ్జిగ తేలేదు. ఉత్త చేతులతో గేటు దగ్గర నిలబడింది. "ఒరేయ్ భానూ, యాళకి తిను" అంది.

"తింటా" అన్నాడు. కర్మ నాటి తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది.

మధ్యాహ్నం మాత్ర వీడియో రాలేదు. ఫోన్ చేస్తే మోగింది, తీయలేదు. చినమామయ్యకి చేస్తే స్విచాఫ్. నిరోష అడిగింది, "ఇయ్యాల పంపలేదేంది వదినా?" అని. పంపుతాడన్నాను. మేడ మీదే కూర్చున్నాను. అత్తయ్య ఎన్నడూ లేనిది మెట్లెక్కి పైకి వచ్చి నా పక్కన కూర్చుంది. కల్లంలో ఖాళీ పట్టాలు మడతపెట్టి ఉన్నాయి. గుడిసెలు పీకేసి వెల్దుర్తివాళ్లు వెళ్లిపోయారు.

పొద్దు వాలాక ఫోను కదిలింది. వీడియో.

బావ ఫోనుని దేనికో ఆనించి పెట్టాడు. వెనక యార్డు గేటు, లారీలు. చినమామయ్య గొంతు వినపడుతోంది, మనిషి కనపడలేదు. ఎవరినో, "రారా, ఎంతసేపు?" అని పిలుస్తున్నాడు. గ్లాసుల చప్పుడు ఉంది. అవి టీ గ్లాసులో, ఏ గ్లాసులో తెలియలేదు.

బావ నీళ్ల సీసా తీశాడు. మూతని కెమెరాకి దగ్గరగా పెట్టాడు. సీలు ఉంది. అది సరిగా కనపడేదాకా అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత మూత తిప్పి సీలు విరిచాడు. ఆ చప్పుడు వినిపించింది. మాత్రలు చూపించాడు, వేసుకున్నాడు, తాగాడు. నోరు తెరిచాడు. నాలుక ఎత్తాడు.

అక్కడికి ఆగిపోయింది.

అత్తయ్య నా భుజం మీదుగా చూసింది.

"మూత ఎందుకు చూపించాడే?" అంది.

నేను వీడియో నిరోషకి పంపించాను. అత్తయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుంది. దాన్ని ఎట్లా నొక్కాలో ఆమెకి తెలియదు. మళ్లీ వెయ్యమంది. వేశాను. సీలు విరిగే చోట ఆపమంది.

"ఏమే, ఎందుకు చూపించాడే?" అని మళ్లీ అడిగింది.